గేమ్ కాన్ఫరెన్సులకు ఇంకా వెళ్లాలా? ముందు మీటింగులు లెక్కపెట్టండి, తర్వాతే టికెట్

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. హైదరాబాద్ నుంచి ఒక్క మనిషి మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, జీడీసీగా అందరికీ తెలిసిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సులో వారం గడిపి రావాలనుకుందాం. రానూపోనూ విమానానికి 1,20,000 రూపాయలు వేసుకోండి. కాన్ఫరెన్స్ జరిగే మోస్కోనీ సెంటర్‌కి నడిచి వెళ్లగలిగే హోటల్ రాత్రికి 250 డాలర్లు. డాలరుకు 88 చొప్పున ఆరు రాత్రులకు 1,32,000. వీసా ఫీజు 185 డాలర్లు, అంటే 16,000 పైచిలుకు. తిండికీ తిరుగుళ్లకూ రోజుకు 70 డాలర్ల లెక్కన 37,000. పాస్‌కి ఒక వెయ్యి డాలర్లు పక్కన పెడితే 88,000. వెరసి 3,93,000. ఈ అంకెలు పెరిగేవే గానీ తగ్గేవి కావు. ఆ వారంలో 250 డాలర్లకు గది దొరికిందంటే అదృష్టమే.

ఇప్పుడు ఆ డబ్బుని గేమ్ కాపీల్లోకి మార్చి చూడండి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో పది డాలర్ల గేమ్ ఒకటి అమ్ముడైతే, స్టీమ్ వాటా 30 శాతం పోగా, రీఫండ్లూ పన్నులూ దేశానికో ధర పెట్టడం వల్ల పడే కోతా పోగా చేతికొచ్చేది ఇంచుమించు ఐదు డాలర్లు. అంటే ఈ ప్రయాణం ఖర్చు రాబట్టాలంటే అదనంగా 900 కాపీలు అమ్మాలి. ఇంట్లో కూర్చున్నా అమ్ముడయ్యే కాపీలు ఈ లెక్కలోకి రావు. వెళ్లడం వల్లే అమ్ముడైన 900 కావాలి. నలుగురు పనిచేసే స్టూడియోకి ఇది తేలిగ్గా తీసేసే అంకె కాదు.

అయినా జీడీసీకి 2025లో కూడా దాదాపు ముప్ఫై వేల మంది వెళ్లారు. అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన గేమ్స్‌కామ్ అనే ప్రదర్శనకి 3,57,000 మంది వచ్చారు. వాళ్లంతా లెక్కలు రానివాళ్లేం కాదు. కొందరికి గిట్టుబాటవుతోంది కాబట్టే వెళ్తున్నారు. ఆ కొందరెవరో చూడాలి.

ఒకే టికెట్‌లో మూడు సరుకులు

కాన్ఫరెన్స్ పేరుతో ఒకే టికెట్ మీద అమ్మేవి మూడు: పాఠాలు, ప్రచారం, పరిచయాలు. ఒకప్పుడు ఇవి మూడూ అక్కడ తప్ప ఇంకెక్కడా దొరికేవి కావు. 1988లో క్రిస్ క్రాఫోర్డ్ అనే గేమ్ డిజైనర్ శాన్‌హోసేలో తన ఇంటి హాల్లో పాతికమంది పైచిలుకు డెవలపర్లను కూర్చోబెట్టి మొదటి సమావేశం పెట్టాడు. పక్కవాడు గేమ్ ఎలా కడుతున్నాడో తెలియాలంటే అప్పట్లో వెళ్లి అడగడమే దారి. ఆ ఇంటి ముచ్చటే పెరిగి పెరిగి జీడీసీ అయింది.

పాఠాల విషయం ఇప్పుడు దాదాపు తేలిపోయింది. జీడీసీ ఉపన్యాసాలు కొన్ని వందలు దాని యూట్యూబ్ చానల్లో ఉచితంగా ఉన్నాయి. జీడీసీ వాల్ట్ అనే సైట్‌లో ఇంకా ఉన్నాయి, వాటిలోనూ కొన్నింటికి డబ్బు కట్టక్కర్లేదు. ఉపన్యాసం వినడానికే విమానం ఎక్కడం ఇవాళ దండగ. రౌండ్ టేబుల్ చర్చలు మాత్రం రికార్డు చేయరు. టూల్స్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లో, ఆడియో వాళ్లో ఒక గదిలో కూర్చుని తమ తిప్పలు మొహమాటం లేకుండా చెప్పుకునే గంట అది. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఆ గంట విలువ తెలుస్తుంది. కొత్తవాళ్లకు సగం అర్థం కాదు.

ప్రచారం ఏమైందో తెలియాలంటే ఈ3 కథ చాలు. 1995లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై పాతికేళ్ల పాటు గేమింగ్‌కి పెద్ద జాతరగా నడిచింది. 2013లో నింటెండో స్టేజీ మీద పెట్టే ప్రెస్ మీట్ మానేసి సొంత వీడియోలకు మారింది. 2019లో సోనీ అసలు రానేలేదు. 2020లో కోవిడ్ దెబ్బకు రద్దయింది, 2021లో ఆన్‌లైన్‌లో జరిగింది, 2022, 2023ల్లో మళ్లీ రద్దు. 2023 డిసెంబర్‌లో ఇక శాశ్వతంగా మూసేస్తున్నామని నిర్వాహకులు ప్రకటించారు. కోవిడ్ చంపిందని చాలామంది అంటారు గానీ, రోగం అంతకుముందే పట్టుకుంది. కోట్లు పోసి స్టాల్ కట్టేకంటే సొంత చానల్లో నలభై నిమిషాల వీడియో వదిలితే ఎక్కువమంది చూస్తారని పెద్ద కంపెనీలకు అర్థమయ్యాక ఆ జాతరతో వాళ్లకు పని లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చిన సమ్మర్ గేమ్ ఫెస్ట్‌లో నిమిషం ట్రైలర్‌కి రెండున్నర లక్షల డాలర్లు తీసుకుంటున్నారని 2024లో పత్రికల్లో వచ్చింది. చిన్న గేమ్‌కి అది అందే కొమ్మ కాదు. చిన్న గేమ్‌కున్న వేదిక స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్: ఏటా ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో వారం చొప్పున జరుగుతుంది, ఆడించడానికి డెమో ఉంటే చాలు, వేరే రుసుము లేదు. ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం కాబట్టి డెమో సగం ఉడికినప్పుడు దింపేస్తే మళ్లీ దారి ఉండదు. అక్కడా గుంపు తక్కువేం కాదు, 2024లో స్టీమ్‌లో దాదాపు 19 వేల కొత్త గేములు విడుదలయ్యాయి. కానీ ఆ గుంపులో నిలబడటానికి వీసా అక్కర్లేదు.

ఇక మిగిలింది పరిచయాలు. నాలుగు లక్షలు పెట్టేవాళ్లు దీనికోసమే పెట్టాలి. జీడీసీ నిర్వాహకులకూ ఇది తెలిసినట్టే ఉంది. రెండు వేల డాలర్లు దాటే ఆల్ యాక్సెస్ పాస్‌ని పక్కనపెట్టి, 2026కి పేరే జీడీసీ ఫెస్టివల్ ఆఫ్ గేమింగ్ అని మార్చి, పాస్‌ల పద్ధతి మొత్తం తిరగరాశారు.

ఎవరికి గిట్టుతుంది

అందరికంటే ఎక్కువ లాభం వేరేవాళ్ల గేములకు పని చేసిపెట్టే స్టూడియోలకు. హైదరాబాద్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి: క్యారెక్టర్ ఆర్ట్, యానిమేషన్, టెస్టింగ్. ఇంకా విడుదల కాని గేమ్ బొమ్మలు వేల మైళ్ల దూరంలో ఉన్న వాళ్ల చేతిలో పెట్టే ముందు, పని చేయించబోయే లీడ్ ఆర్టిస్ట్ ఎలాంటివాడో ఎదురుగా చూడాలనుకుంటారు క్లయింట్లు. ఈమెయిల్‌లో పోర్ట్‌ఫోలియో పంపేవాళ్లకు లోటు లేదు, వాళ్లలో ఎవరిని నమ్మాలన్నదే సమస్య. లెక్క చూడండి. ఐదుగురు ఆర్టిస్టులకు నెలకు తలా 2,000 డాలర్ల చొప్పున ఏడాది ఒప్పందం కుదిరిందనుకుందాం, మొత్తం 1,20,000 డాలర్లు. పది శాతం మిగిలినా 12,000 డాలర్లు, పదిన్నర లక్షల రూపాయలు. రెండేళ్లకు ఒక్క క్లయింట్ దొరికినా, ఏటా వెళ్లొచ్చిన ఖర్చు వచ్చేస్తుంది.

పబ్లిషర్ (గేమ్‌కి డబ్బు పెట్టి విడుదల చేసేవాడు) కోసం వెతికే చిన్న టీమ్‌కి గిట్టుబాటు కావాలంటే షరతు ఉంది: ఆడించదగ్గ బిల్డ్, అంటే ఇప్పటిదాకా తయారైన గేమ్ చేతిలో ఉండాలి. ఐడియా, నాలుగు కాన్సెప్ట్ బొమ్మలు, ఒక పీడీఎఫ్ పట్టుకుని బయల్దేరితే ఏ పబ్లిషరూ డబ్బు పెట్టడు. 2023, 2024ల్లో పరిశ్రమలో వేలమంది ఉద్యోగాలు పోయాక, కాగితం మీద గేముకి పెట్టుబడి పెట్టే రోజులు పోయాయి.

ఉద్యోగం వెతుక్కునే విద్యార్థికి శాన్‌ఫ్రాన్సిస్కో వద్దే వద్దు. అక్కడ స్టాల్ దగ్గర నిలబడ్డ రిక్రూటర్ చాలావరకు ఒక క్యూఆర్ కోడ్ చూపించి, వెబ్‌సైట్‌లో అప్లై చేయమంటాడు. ఆ లింకు ఇంట్లోంచీ తెరుచుకుంటుంది. విద్యార్థులకు దగ్గర్లో జరిగేది మేలు, దాని సంగతి తర్వాత.

మీటింగులు పట్టడం

ఒక కొండగుర్తు పెట్టుకోండి: ఎదుటివాళ్లు ఒప్పుకుని, టైమ్ ఖాయమైన మీటింగులు ఎనిమిదైనా లేకుండా విమానం టికెట్ కొనకండి. "అక్కడికెళ్తే ఎవరో ఒకరు కలుస్తారులే" అనుకుని వెళ్లినవాళ్లు బ్యాగు నిండా విజిటింగ్ కార్డులతో వస్తారు, పని మాత్రం అక్కడే ఉంటుంది.

పని ఎనిమిది వారాల ముందు మొదలవ్వాలి. మీ జానర్ గేములు గత రెండేళ్లలో విడుదల చేసిన పబ్లిషర్లు ఓ నలభై మంది జాబితా రాసుకోండి. ఆరు వారాల ముందు ఒక్కొక్కరికీ విడిగా ఈమెయిల్. అందులో ఐదు సంగతులే: ఏం గేమ్, ఏ ప్లాట్‌ఫామ్, ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎంత డబ్బు కావాలి, ఎప్పటికి పూర్తవుతుంది. నిమిషం దాటని గేమ్‌ప్లే వీడియో లింకు, బిల్డ్ లింకు. వీడియోలో మొదటి పది సెకన్లు స్టూడియో లోగో తిప్పడానికి వాడితే చూసేవాడు అక్కడే మూసేస్తాడు. జీడీసీ వారంలోనూ గేమ్స్‌కామ్‌లోనూ మీట్‌టుమ్యాచ్ అనే వేదిక మీద అరగంట స్లాట్లు బుక్ చేసుకోవచ్చు. దానికి విడిగా డబ్బు కట్టాలి గానీ, చాలామందికి కాన్ఫరెన్స్ పాస్ కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇంకో గుట్టు: జీడీసీ వారంలో బేరాలు చాలావరకు మోస్కోనీ లోపల జరగవు. చుట్టుపక్కల హోటళ్ల లాబీల్లో, కాఫీ షాపుల్లో, ఎదురుగా ఉన్న యెర్బా బ్యూనా గార్డెన్స్ పచ్చికలో జరుగుతాయి. పాస్ లేకుండా ఊరికి మాత్రం వచ్చి, వారమంతా మీటింగులు చేసుకుని వెళ్లేవాళ్లు ఏటా ఉంటారు. మీ ఎనిమిది మీటింగుల్లో ఏడు బయటే ఉంటే పాస్ డబ్బు మిగిలినట్టే.

అరగంట స్లాట్ అంటే నిజానికి 22 నిమిషాలు. ముందు మీటింగ్ సాగుతుంది, కుర్చీ వెతుక్కోవాలి, ల్యాప్‌టాప్ తెరవాలి. మోస్కోనీ నార్త్, సౌత్, వెస్ట్ అని మూడు భవనాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి రోడ్డు దాటి, మళ్లీ లోపలికెళ్లేసరికి పది నిమిషాలు. కొలోన్‌లో హాళ్ల మధ్య నడక ఇంకా ఎక్కువ. మీటింగుకీ మీటింగుకీ అరగంట ఖాళీ పెట్టుకోకపోతే మధ్యాహ్నానికి అన్నిటికీ ఆలస్యంగానే వెళ్తారు.

ఆ 22 నిమిషాల్లో ఐదు నిమిషాలు మాట, పది నిమిషాలు ఆట, మిగతా ఏడూ ప్రశ్నలు. ప్రశ్నల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే: ఎంత కావాలి? ఇక్కడ "మీరెంత ఇవ్వగలరు?" అని మొహమాటపడితే మీకు ఖర్చు లెక్క తెలియదని అర్థమైపోతుంది. లెక్క ఇలా ఉండాలి: నలుగురి టీమ్, నెలకు 4 లక్షలు, ఇంకా 18 నెలల పని, 72 లక్షలు. సౌండ్, టెస్టింగ్, భాషల అనువాదాలకు 12 లక్షలు. మొత్తం 84 లక్షల మీద అనుకోని ఖర్చుకు 15 శాతం, 12.6 లక్షలు. వెరసి 96.6 లక్షలు, ఇంచుమించు 1,10,000 డాలర్లు. ఆ 15 శాతం వదిలేసేవాళ్లు ఎక్కువ. పద్నాలుగో నెలలో డబ్బు అయిపోయేది కూడా వాళ్లకే.

మీరు అడగాల్సినవీ ఉన్నాయి. పబ్లిషర్ పెట్టిన డబ్బు ముందు వెనక్కి తీసుకుంటాడు, ఆ తర్వాతే వాటాలు. ఆ వెనక్కి తీసుకోవడం మొత్తం రాబడిలోంచా, అతని వాటాలోంచి మాత్రమేనా? మొదటి రకమైతే పెట్టుబడి తీరేదాకా మీకు ఒక్క రూపాయి రాదు. ప్రాజెక్ట్ మధ్యలో ఆపేస్తే గేమ్ హక్కులు ఎవరివి? రెండో భాగం హక్కులు? సంతకం ఆ వారంలో ఎలాగూ జరగదు, నెలలు పడుతుంది. కానీ ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దాటేసే మనిషి దగ్గర ఇంకో అరగంట ఖర్చుపెట్టక్కర్లేదు.

వీసా: పాస్ కంటే ముందు

చేతులు కాలాక ఆకులు పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. తక్కువ ధర ఉందని నాలుగు నెలల ముందు పాస్ కొంటారు, తర్వాత వీసా ఇంటర్వ్యూ తేదీ చూస్తే కాన్ఫరెన్స్ అయిపోయాక ఉంటుంది. అమెరికా బీ1/బీ2 (వ్యాపార, పర్యటన) వీసాకి డీఎస్-160 ఫారం నింపి, ఫీజు కట్టి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి స్లాట్ పట్టాలి. స్లాట్ నెలల తరబడి దొరకని సందర్భాలు మామూలే. ఇంతకుముందు ఏ బ్యాంకాక్‌కో వెళ్లి అక్కడి అమెరికా రాయబార కార్యాలయంలో అప్లై చేసేవాళ్లు. 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో అప్లై చేసుకోవాలన్నారు కాబట్టి ఆ అడ్డదారి మూసుకుపోయింది. నిర్వాహకులిచ్చే ఆహ్వాన పత్రం పనికొస్తుంది గానీ వీసాకి హామీ కాదు. వీసా లేనివాళ్లు ఏడాది ముందే మొదలుపెట్టాలి. పాస్ కొనే ముందు వీసా రాకపోతే డబ్బు తిరిగిస్తారా, ఏ తేదీ లోపు అడగాలి అన్నది చదివి కొనాలి.

విమానాశ్రయంలో అమెరికా సరిహద్దు అధికారులకు ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ తెరిచి చూసే అధికారం ఉంది. క్లయింట్‌తో రహస్య ఒప్పందం ఉన్న బిల్డ్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకెళ్లడం పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే. సర్వర్‌లో ఉంచి, దిగాక దించుకోండి. ఇలాంటి భయాలతో అమెరికా ప్రయాణం మానుకుంటున్నామని 2025లో చాలామంది విదేశీ డెవలపర్లు బహిరంగంగానే చెప్పారు.

గేమ్స్‌కామ్‌కి దారి కాస్త సాఫీ. జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆగస్టు చివర్లో షో కాబట్టి మేలోనే మొదలుపెట్టడం మంచిది, జూలైలో సెలవుల రద్దీ. కొలోన్‌లో గదుల ధర కొండెక్కితే డ్యూసెల్‌డార్ఫ్‌లో దిగండి. రైలెక్కితే అరగంటలోపే షో పక్కనున్న కొలోన్ మెస్సె/డాయిట్జ్ స్టేషన్. మీకు పని బిజినెస్ ఏరియాలోనే, అది మొదటి మూడు రోజులే తెరిచి ఉంటుంది. శని, ఆదివారాలకు హోటల్ తీసుకోవడం దండగ.

స్టాల్ పెడితే

పెట్టకుండా ఉంటేనే మేలు అన్నది మా అభిప్రాయం. స్టాల్ పెడితే ఒక మనిషి రోజంతా అక్కడే కట్టుబడిపోతాడు, ఇద్దరు వెళ్లకపోతే మీటింగులు కుదరవు. పైగా నిర్వాహకులు చెప్పే ధర చాలాచోట్ల ఖాళీ నేలకే. కరెంటు, బల్ల, కుర్చీ, కార్పెట్, ఇంటర్నెట్ విడివిడి పద్దులు. దేశం తరఫున పెట్టే పెవిలియన్‌లో చోటు దొరికితే ఆలోచించవచ్చు. టోక్యో గేమ్ షో ఎంపిక చేసిన 80 ఇండీ (చిన్న టీములు సొంతంగా చేసే) గేములకు ఉచితంగా స్థలం ఇస్తోంది, అలాంటిది దొరికితే వదులుకోవద్దు.

పెట్టాలనే నిర్ణయిస్తే, చెడిపోయేవి ఎప్పుడూ ఒకేలా చెడిపోతాయి. బ్లూటూత్ కంట్రోలర్ ఇంట్లో బాగా పనిచేస్తుంది. హాల్లో వందల కంట్రోలర్లూ వేల ఫోన్లూ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి కొట్టుకుంటుంటే తెర మీద హీరో తనంతట తనే గోడకేసి నడుస్తుంటాడు. కేబుల్ ఉన్న కంట్రోలర్లు మూడు పట్టుకెళ్లండి, ఒకటి వాడకానికి, రెండు స్పేర్. అక్కడి వైఫై మీద ఆధారపడే బిల్డ్ పది గంటలకే చస్తుంది, మొత్తం ఆఫ్‌లైన్‌లో నడవాలి. ఎవరో సగంలో వదిలేసి వెళ్తే 90 సెకన్లు ఏ బటనూ నొక్కకపోతే డెమో తనంతట మొదటికి రావాలి, లేకపోతే వెనకొచ్చినవాడు మూడో లెవెల్ మధ్యలో నిలబడి ఏమీ అర్థంకాక వెళ్లిపోతాడు. విండోస్ అప్‌డేట్లు ఆపేయండి, విండోస్ కీ పనిచేయకుండా చేయండి. చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్లు కావాలి, హాల్లో స్పీకర్ వినపడదు. డెమో పది నిమిషాలు దాటకూడదు.

కరెంటు దగ్గరా జాగ్రత్త. అమెరికాలో 120 వోల్టులు. ల్యాప్‌టాప్ అడాప్టర్ 100 నుంచి 240 వరకు తట్టుకుంటుంది గానీ, అడాప్టర్ లేకుండా నేరుగా 230కే చేసిన సామాను పనిచేయదు. మన మూడు పిన్నుల ప్లగ్ అమెరికాలోనూ జర్మనీలోనూ ఎక్కదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అక్కడే కొనుక్కోవడం తేలిక. ఖరీదైన సామాను తీసుకెళ్తుంటే బయల్దేరేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్నారని సుంకం అడగకుండా.

స్టాల్ మీద అతికించే క్యూఆర్ కోడ్‌కి వేరే యూటీఎం లింకు (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపే గుర్తున్న లింకు) పెట్టండి. ఆ లింకు ద్వారా ఎంతమంది వచ్చారో, ఎందరు విష్‌లిస్ట్ చేశారో స్టీమ్ విడిగా చూపిస్తుంది. మొదట చెప్పిన "అదనపు 900"లో ఎన్ని వచ్చాయో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

దగ్గర్లో ఉన్నది

మొదటి గేమ్ చేస్తున్నవాళ్లకు, విద్యార్థులకు ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్, ఐజీడీసీ. ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో జరిగింది, 2024 నవంబర్‌లో కూడా ఇక్కడి హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలోనే. 2025లో చెన్నైకి మారింది. హైదరాబాద్ వాళ్లు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే పొద్దున్నకి చెన్నై, విజయవాడ వాళ్లకు వందే భారత్ ఉంది. విమానానికి పెట్టే 1,20,000లో పావు వంతుకే ప్రయాణం, బస అయిపోతాయి. అక్కడ పెట్టుబడిదారులనూ పబ్లిషర్లనూ కలిపే ఏర్పాటు విడిగా ఉంటుంది. పిచ్ (డబ్బు పెట్టేవాళ్లకు గేమ్ గురించి చెప్పే మాట) చెప్పడం మొదటిసారి తడబడేది అక్కడ తడబడండి, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాదు.

వెళ్లేది ఏ ఊరికైనా, తిరిగొచ్చాక మూడు రోజుల్లోపు ప్రతి మీటింగుకీ ఒక మెయిల్ వెళ్లాలి: ఏం మాట్లాడుకున్నామో రెండు వాక్యాలు, అడిగిన బిల్డ్ లింకు, వచ్చే మైలురాయి తేదీ. జవాబు లేకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి, బిల్డ్ మారినప్పుడు ఇంకోసారి. పబ్లిషర్ల నిర్ణయాలు నెలలు సాగుతాయి కాబట్టి మార్చిలో వెళ్లొచ్చిన ఖర్చు గిట్టిందా లేదా అన్న పద్దు ఏప్రిల్‌లో మూయకండి, సెప్టెంబర్ దాకా తెరిచే ఉంచండి.